పాల సేకరణ కేంద్రాల డేటా యూనిట్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పద్ధతి ఎంపిక, అమలుపై పాలకవర్గ తీర్మానం

జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ పాలకవర్గం సాధారణ సమావేశంలో, కోరం ఉన్నదని అధ్యక్షులు ప్రకటించిన మీదట, సాంకేతిక ఉపసంఘం నివేదికను చదివి వినిపించి, చర్చించి, కింది తీర్మానాన్ని ఆమోదించడమైనది.

పూర్వాపరాలు

గ్రామ కేంద్రాల్లో మనం పెట్టిన డేటా యూనిట్ చూడటానికి చిన్న తెర, నాలుగు మీటలు ఉన్న పెట్టె. లోపల ఏఆర్ఎం ప్రాసెసర్, 4 జీబీ ఈఎంఎంసీ నిల్వ, యోక్టోతో కట్టిన లినక్స్ ఉన్నాయి. తూకం యంత్రం, పాల ఎనలైజర్, రసీదు ప్రింటర్ మూడూ సీరియల్ కేబుళ్లతో దీనికే తగిలించి ఉంటాయి. రైతు పాలు పోసినప్పటి నుంచి రసీదు చేతికి అందేదాకా బరువు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం), ధర అన్నీ దీని గుండానే పోతాయి. పదిహేను రోజుల బిల్లుకు ఇదే ఆధారం.

ఇంతవరకు ఈ యూనిట్లలో సాఫ్ట్‌వేర్ మార్చాలంటే సరఫరాదారు తరఫు టెక్నీషియన్ పెన్‌డ్రైవ్ పట్టుకుని కేంద్రానికి వెళ్లి, నడుస్తున్న సిస్టం మీదే ఓపీకేజీ ప్యాకేజీలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించేవారు. మధ్యలో కరెంటు పోతే కొన్ని లైబ్రరీలు కొత్తవి, కొన్ని పాతవి మిగిలిపోతాయి. పెట్టె లైటు వెలుగుతుంది, తెర మీద యూనియన్ గుర్తు వస్తుంది, అంతటితో ఆగిపోతుంది. సాయంత్రం పూట రైతులు క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా కార్యదర్శి అటక మీది గెర్బర్ సీసాలు దించి కడుక్కోవాలి, లాక్టోమీటర్ వెతుక్కోవాలి, రసీదులు చేత్తో రాయాలి. ఆ రాత రసీదుల లెక్క తర్వాత కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు వచ్చే తగవుల గురించి సభ్యులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఏ టూల్ మంచిదన్న ప్రశ్నతో పని మొదలుపెట్టిన ఉపసంఘం చివరికి మరో ప్రశ్న దగ్గర తేలింది: అప్‌డేట్ చెడితే, మన జీపు కదలకుండానే ఆ కేంద్రం తర్వాతి పూటకు తనంతట తాను లేవగలదా? పాలకవర్గం ఈ ప్రశ్ననే గీటురాయిగా స్వీకరించింది. కింది అంశాలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

1. పద్ధతి

ప్యాకేజీలవారీ అప్‌డేట్‌ను ఇకపై కేంద్రాల యూనిట్లకు వాడరాదని తీర్మానించడమైనది. సర్వర్‌కూ, ఆఫీసు కంప్యూటర్‌కూ అది బాగానే ఉంటుంది, అక్కడ చెడితే సరిచేసే మనిషి పక్కనే ఉంటాడు. కేంద్రంలో ఉండడు.

ఒకే సిస్టం కాపీ, దాని పక్కన చిన్న రెస్క్యూ సిస్టం పెట్టుకునే పద్ధతిని కూడా ఉపసంఘం పరిశీలించింది. నిల్వ తక్కువున్న పరికరాలకు అది తప్పదు. అయితే రెస్క్యూలోకి వెళ్లి రాయడం మొదలుపెట్టిన క్షణం నుంచి ముగిసేదాకా యూనిట్ పాలు కొలవలేదు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఆ వ్యవధి ఎంతని ఎవరూ చెప్పలేరు. ఓఎస్‌ట్రీ పద్ధతి తెలివైనది: రెండు వర్షన్లూ ఒకే ఫైల్‌సిస్టంలో హార్డ్‌లింకులతో కలిసి ఉంటాయి, మారిన ఫైళ్లే దిగుతాయి. కానీ ఆ ఒక్క ఫైల్‌సిస్టం పాడైతే రెండు వర్షన్లూ కలిసే పోతాయి. మన నిల్వలో రెండు పూర్తి కాపీలకు చోటుంది కనుక అంత పొదుపు మనకు అవసరం లేదు.

కాబట్టి ఎ, బి అని రెండు పూర్తి సిస్టం పార్టిషన్లు, రైతుల లెక్కలకు వేరుగా ఒక డేటా పార్టిషన్ ఉండాలని తీర్మానించడమైనది. ఎ నుంచి పాలు కొలుస్తూ ఉండగానే బిలోకి కొత్తది రాసుకోవచ్చు. అది పూర్తయ్యాక రీబూట్ ఒక్కటే మిగులుతుంది.

2. టూల్

ఈ పద్ధతిని నడిపే ఓపెన్ సోర్స్ టూళ్లలో మూడింటిని ఉపసంఘం బల్ల మీద పెట్టి చూసింది. మెండర్‌లో క్లయింటు, సర్వరు ఒకే చోట దొరుకుతాయి. సొంత సాంకేతిక సిబ్బంది లేని సంస్థకు అదే తేలిక. ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ ఎటు కావాలంటే అటు వంగుతుంది. ప్రత్యేక హ్యాండ్లర్లు రాసుకుని పక్కనున్న మైక్రోకంట్రోలర్‌కు కూడా ఫర్మ్‌వేర్ ఎక్కించవచ్చు. జర్మనీకి చెందిన పెంగుట్రానిక్స్ ఇంజినీర్ల చేతిలో పెరిగిన రౌక్ అంతగా వంగదు. ఎక్స్.509 సర్టిఫికెట్‌తో సంతకం లేని బండిల్‌ను (అప్‌డేట్ ఫైలును) అది అసలు ముట్టుకోదు. ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్‌లో సంతకం పరిశీలన బిల్డ్ చేసేటప్పుడు ఎంచుకోవలసిన ఆప్షన్, కాబట్టి మరిచిపోయే వీలుంది.

సరఫరాదారులు మారుతూ ఉండే మన పరిస్థితిలో ఈ మొండితనమే మేలని పాలకవర్గం భావించి రౌక్‌ను ఎంపిక చేసింది. సర్వర్ వైపు ఎక్లిప్స్ ఫౌండేషన్ వారి హాక్‌బిట్‌ను యూనియన్ సొంత సర్వర్‌లో నడపాలని, ఈ రెంటినీ కలపడానికి ఇప్పటికే ఉన్న క్లయింట్‌ను వాడాలని తీర్మానించడమైనది. సిగ్నల్ అందని కేంద్రాలకు పెన్‌డ్రైవ్ దారి కొనసాగుతుంది. దాంట్లో వెళ్లేది కూడా అదే బండిల్, అదే సంతకం. టెక్నీషియన్ చేతికి అడ్డదారి ఇవ్వరాదు.

బండిల్ వెరిటీ ఫార్మాట్‌లోనే ఉండాలి. అప్పుడు ముందుగా మొత్తం దింపుకుని దాచుకునే అవసరం లేకుండా నెట్ నుంచి నేరుగా పార్టిషన్‌లోకి రాయవచ్చు, చదివే ప్రతి బ్లాకునూ సిస్టం హ్యాష్‌తో సరిచూసుకుంటుంది. దానికి బ్లాక్ హ్యాష్ సూచిక చేర్చితే 4 కేబీ బ్లాకుల్లో మారినవి మాత్రమే దిగుతాయి, సిమ్ డేటా ఖర్చు తగ్గుతుంది. అయితే ఇమేజ్‌ను ప్రతిసారీ ఒకే క్రమంలో కట్టకపోతే, మారని ఫైళ్లు కూడా చోటు మారి ఆ లాభం ఆవిరవుతుంది. బిల్డ్ చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

3. బూట్‌లోడర్, కరెంటు

టూల్ ఎంపిక ఒక్క సమావేశంలో తేలింది. మిగిలిన సమావేశాలన్నీ యూనిట్‌ను లేపే బూట్‌లోడర్ యూ-బూట్‌కే సరిపోయాయని ఉపసంఘం రాసింది. టెండర్లలో సాధారణంగా ఒక్క వాక్యం కూడా దొరకని భాగం ఇదే కనుక వివరంగా నమోదు చేయడమైనది.

ఏ పార్టిషన్ నుంచి లేవాలి, ఒక్కోదానికి ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయి అన్న లెక్క యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటుంది. లేచే ముందు ఒక ప్రయత్నం తగ్గుతుంది. సిస్టం బాగుందని పైనుంచి కబురొస్తే లెక్క మళ్లీ మూడుకు చేరుతుంది. మూడూ అయిపోతే రెండో పార్టిషన్ వంతు. ఈ ఎన్విరాన్‌మెంట్‌ను రాస్తుండగానే కరెంటు పోవచ్చు కనుక దానికి రెండు కాపీలు తప్పనిసరి.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మన ఊళ్లలో కరెంటు పోతే ఒక్కసారితో పోదు. వస్తుంది, ఫ్యాను తిరగబోతుంది, మళ్లీ పోతుంది. అలా వరసగా మూడుసార్లు జరిగితే, ఏ లోపమూ లేని కొత్త సాఫ్ట్‌వేర్ కూడా మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని పాతదానికి దిగిపోతుంది. కాబట్టి ప్రాసెసర్ రీసెట్ కారణాన్ని యూ-బూట్ చదవాలని, వాచ్‌డాగ్ (సిస్టం బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) వల్ల గానీ సాఫ్ట్‌వేర్ రీబూట్ వల్ల గానీ లేచినప్పుడే లెక్క తగ్గించాలని, కరెంటు పోయి వచ్చినప్పుడు తగ్గించరాదని తీర్మానించడమైనది. రెండు పార్టిషన్ల లెక్కా సున్నాకు చేరితే, చేతులెత్తేసి నిలబడకుండా రెంటినీ తిరిగి మూడు చేసి మళ్లీ ప్రయత్నించాలి.

వాచ్‌డాగ్‌ను యూ-బూట్‌లోనే మొదలుపెట్టాలి. కెర్నల్ లేచాక సిస్టమ్‌డీ అందుకోవాలి. మధ్యలో ఎవరూ కాపలా లేని క్షణం ఉండకూడదు.

యూ-బూట్‌ను మాత్రం మామూలు అప్‌డేట్లలో ముట్టుకోరాదు. భద్రతా లోపం బయటపడి తప్పనిసరైతే, ఈఎంఎంసీలో బూట్ కోసమే ఉన్న రెండు చిన్న పార్టిషన్లలో వాడకంలో లేనిదానిలోకి రాసి, సరిచూసుకుని, ఆ తర్వాతే మార్చాలి.

4. అప్‌డేట్ విజయవంతమైందని ఎప్పుడు చెప్పాలి

ఈ తీర్మానంలో పాలకవర్గం ఎక్కువసేపు చర్చించిన అంశం ఇది. రౌక్‌ను యోక్టోలో కలిపే లేయర్‌తో పాటు, బూట్ పూర్తికాగానే సిస్టం బాగుందని ముద్ర వేసే చిన్న సర్వీసు ఒకటి వస్తుంది. దాన్ని అలాగే వాడితే లినక్స్ లేచిందని తెలుస్తుంది, పాలు కొలవగలదో లేదో తెలియదు. సీరియల్ డ్రైవర్ చెడి తూకం యంత్రం మాట వినిపించకపోయినా ముద్ర పడిపోతుంది, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది.

అందువల్ల ఆ సర్వీసును తీసేసి యూనియన్ సొంత పరీక్ష పెట్టాలని తీర్మానించడమైనది. తూకం యంత్రం జవాబివ్వాలి. ఎనలైజర్ జవాబివ్వాలి. ప్రింటర్ జవాబివ్వాలి. డేటాబేస్ తెరుచుకుని చివరి పూట చివరి రసీదును చదవగలగాలి. ఇవన్నీ కుదిరితేనే ముద్ర.

దీనికి ఒక డైరెక్టరు లేవనెత్తిన అభ్యంతరం సరైనదని అందరూ ఒప్పుకున్నారు. పూట ముగిశాక కార్యదర్శులు ఎనలైజర్‌ను కడిగి ఆపేస్తారు. అప్‌డేట్ జరిగేది కూడా అప్పుడే. ఆపేసిన యంత్రం జవాబివ్వదు కనుక మంచి సాఫ్ట్‌వేర్ కూడా పరీక్ష తప్పి వెనక్కి వెళుతుంది, మర్నాడు మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ వెనక్కి. దీన్ని సవరిస్తూ, రీబూట్‌కు ముందు ఏయే యంత్రాలు జవాబిస్తున్నాయో డేటా పార్టిషన్‌లో రాసుకోవాలని, ముందు పలికినవన్నీ తర్వాత కూడా పలికితే చాలని నిర్ణయించడమైనది. ముందు పలకనిదాన్ని తర్వాతి పూటలో అది వెలిగినప్పుడు పరీక్షించి, ఫలితాన్ని సర్వర్‌కు పంపాలి. ప్రింటర్‌లో కాగితం లేకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ప్రింటర్ పలికితే అంతవరకు చాలు.

5. రైతుల లెక్కలు, ధరల పట్టిక, కొలతలు

కొత్త వర్షన్ డేటాబేస్ రూపం మార్చితే పాత వర్షన్ దాన్ని చదవలేదు, అప్పుడు వెనక్కి వెళ్లడమనే మాటకు అర్థం ఉండదు. కాబట్టి ఎస్‌క్యూలైట్ పట్టికలకు కొత్త నిలువు వరుసలు చేర్చవచ్చు గానీ, ఉన్నవాటిని తీసేయడం, పేర్లు మార్చడం తర్వాతి వర్షన్‌లోనే చేయాలి. సర్వర్‌కు ఇంకా చేరని రసీదులున్న యూనిట్ రీబూట్‌కు ముందు డేటాబేస్ కాపీ ఒకటి తీసి పెట్టుకోవాలి.

ధరల పట్టిక సాఫ్ట్‌వేర్ కాదు. అది తరచూ మారుతుంది, దాని బాధ్యత అకౌంట్స్ విభాగానిది. దాన్ని సిస్టం ఇమేజ్‌లో కలపరాదు. వేరే సంతకంతో వేరే దారిలో పంపాలి.

తూకం యంత్రాల సరిచూపు లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 కిందికి వస్తుంది, ఎనలైజర్ క్రమాంకనం మన ప్రయోగశాల పని. ఈ రెంటిలో దేన్నీ అప్‌డేట్ దారిలో మార్చడానికి వీల్లేదు. మార్చగలిగే సౌకర్యం కోడ్‌లో ఉంటే దాన్ని తీసేయాలి. అప్‌డేట్ జరిగిన మర్నాడు వెన్న శాతం ఒక పాయింటు తగ్గిందంటే, గేదె మేత మారిందని ఏ రైతూ అనుకోడు, పెట్టెలో ఏదో చేశారనే అనుకుంటాడు. అందుకే ప్రతి రసీదు అడుగున సాఫ్ట్‌వేర్ వర్షన్ అచ్చు కావాలి. అప్‌డేట్‌లో ఏమి మారిందో రెండు మూడు తెలుగు వాక్యాల్లో కేంద్రం నోటీసు బోర్డు మీద అంటించాలి.

6. తాళాలు, గడియారం

సంతకం చేసే కీ సరఫరాదారు ల్యాప్‌టాప్‌లో ఉండరాదు. అది యూనియన్ హార్డ్‌వేర్ టోకెన్‌లో ఉండాలి, ఇద్దరు అధికారులు కలిస్తే తప్ప సంతకం కాకూడదు. మూల సర్టిఫికెట్ నెట్‌కు తగిలించని చోట, యూనియన్ బ్యాంకు లాకర్‌లో ఉంచాలి. పరీక్ష గదిలో వాడే సంతకాన్ని కేంద్రాల యూనిట్లు గుర్తించకూడదు.

యూనిట్లలోని గడియారం బ్యాటరీ అయిపోతే తేదీ 1970కి వెళుతుంది. అప్పుడు చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్ కూడా ఇంకా మొదలుకానట్టు కనిపించి మంచి బండిల్‌ను తిప్పికొడుతుంది. లేచేటప్పుడు గడియారం కనీసం ఇమేజ్ కట్టిన తేదీకైనా చేరేలా సిస్టమ్‌డీని అమర్చాలి. సంతకం చేసిన సమయాన్ని బట్టి సర్టిఫికెట్‌ను సరిచూసే ఆప్షన్ రౌక్‌లో ఉంది, దాన్ని వాడాలి.

సర్వర్ వైపు కూడా ఇలాంటి గొయ్యే ఉంది. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వెబ్ సర్వర్లకు ఇచ్చే సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. కొత్త రూట్ తెలియని పాత పరికరాలు ఎన్నో ఒక్కసారిగా సర్వర్లతో మాట్లాడలేకపోయాయి. అప్‌డేట్ సర్వర్‌నే గుర్తించని పరికరాన్ని నెట్ ద్వారా బాగుచేయలేం. కాబట్టి సర్వర్‌కు యూనియన్ సొంత రూట్‌నే వాడాలి. దానికి తోడు, ఇంకా వాడకంలోకి రాని రెండో రూట్‌ను కూడా మొదటి నుంచే యూనిట్లలో ఉంచాలి.

7. ఎప్పుడు, ఏ క్రమంలో

పూట నడుస్తుండగా రీబూట్ చేయరాదు. పూట మూసి, సిగ్నల్ ఉన్న కేంద్రాల్లో ఆ పూట రసీదులన్నీ సర్వర్‌కు చేరాకే చేయాలి. బిల్లు ముగిసే రోజుల్లో అసలే వద్దు. బ్యాటరీ ఉన్న కేంద్రంలో యూనిట్ దాని మీద నడుస్తుంటే ఆగాలి.

రూటు వారీగా పంపితే తేలిక అని రవాణా విభాగం సూచించింది. పాలకవర్గం దానికి ఒప్పుకోలేదు. ఒక రూటంతా ఒకేసారి చెడితే ట్యాంకర్ మొత్తం రాత లెక్కలతో డెయిరీకి వస్తుంది. అందుకే ముందు పరీక్ష గది, తర్వాత ప్రతి రూటు నుంచి ఒక్కో కేంద్రం, ఆపై మిగతావి అన్న క్రమం పాటించాలి. హాక్‌బిట్‌లో గుంపులవారీ పంపకం ఉంది. ఒక గుంపులో వైఫల్యాలు హద్దు దాటితే తర్వాతి గుంపుకు పోకుండా తనే ఆపుతుంది. ఆ హద్దును ఉపసంఘం నిర్ణయిస్తుంది.

మన దగ్గర రెండు తరాల యూనిట్లు ఉన్నాయి, ఒకదాని సాఫ్ట్‌వేర్ మరోదానికి వెళ్లకూడదు. 2017లో అమెరికాలో ఒక స్మార్ట్ తాళాల సంస్థ ఒక మోడల్‌కు ఉద్దేశించిన ఫర్మ్‌వేర్‌ను మరో మోడల్‌కు పంపింది. ఆ తాళాలు నెట్ ద్వారా సరిచేసే వీలు లేకుండా పోయి, వాడుకదారులు వాటిని విప్పి తిప్పి పంపాల్సి వచ్చింది. రౌక్ బండిల్‌లో ఏ పరికరానికో చెప్పే మాట తప్పనిసరి. రెండు తరాలకూ వేర్వేరు మాటలు ఉండాలి, సౌలభ్యం కోసం రెంటికీ ఒకే మాట పెట్టరాదు.

8. పరీక్ష, టెండర్ షరతులు

ఏ వర్షన్‌నైనా కేంద్రాలకు వదిలే ముందు, అప్‌డేట్ నడుస్తుండగా రిలేతో యూనిట్ కరెంటును ఎప్పుడు పడితే అప్పుడు 200 సార్లు తీయాలి. ఒక్కసారి లేవకపోయినా ఆ వర్షన్ వెళ్లదు. మూడు ప్రయత్నాలూ విఫలమయ్యేలా కావాలని పాడుచేసిన ఇమేజ్‌ను ఎక్కించి, యూనిట్ పాతదానికి తిరిగి వచ్చిందో లేదో కూడా చూడాలి.

ఇకపై టెండర్లలో కెర్నల్, యూ-బూట్, యోక్టో లేయర్ల సోర్స్ పూర్తిగా యూనియన్‌కు అప్పగించాలని, మన కంప్యూటర్‌లో మళ్లీ కట్టి చూపాలని షరతు పెట్టాలి. భద్రతా అప్‌డేట్లకు కనీసం 5 ఏళ్ల హామీ అడగాలి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన సైబర్ రెజిలియెన్స్ చట్టంలోని సాధారణ కనీస వ్యవధి కూడా అంతే. ఆ చట్టం మనకు వర్తించదు. అయినా అక్కడ అమ్మే సరఫరాదారు ఇక్కడ కుదరదని చెప్పడం కష్టమవుతుంది.

అసమ్మతి, ఆమోదం

రీబూట్ తనంతట తాను జరగరాదని, కేంద్రం కార్యదర్శి మీట నొక్కితేనే జరగాలని ఒక డైరెక్టరు వాదించారు. కేంద్రం తాళం కార్యదర్శి దగ్గరుండగా లోపలి యంత్రం కార్యదర్శికే తెలియకుండా మారడం పద్ధతి కాదని వారి మాట. మీట కోసం ఎదురుచూస్తే సగం కేంద్రాల్లో పాత సాఫ్ట్‌వేరే మిగిలిపోతుందని ఉపసంఘం బదులిచ్చింది. కార్యదర్శి తెర మీద నుంచి మూడు రోజుల వరకు వాయిదా వేసుకోవచ్చని, భద్రతా అప్‌డేట్లకు వాయిదా ఒక్క రోజేనని మధ్యేమార్గంగా నిర్ణయించడమైనది. సదరు డైరెక్టరు దీనికి ఒప్పుకోక తమ అసమ్మతిని నమోదు చేయవలసిందిగా కోరారు. నమోదు చేయడమైనది.

సాంకేతిక ఉపసంఘం కన్వీనరు ప్రతిపాదించగా ఉపాధ్యక్షులు బలపరిచారు. ఒక్కరి అసమ్మతితో తీర్మానం ఆమోదం పొందింది. నకళ్లు మేనేజింగ్ డైరెక్టరుకు, అకౌంట్స్, రవాణా, ప్రయోగశాల విభాగాలకు, ప్రస్తుత సరఫరాదారుకు పంపాలి. కార్యదర్శుల తదుపరి శిక్షణలో 4, 5, 7 అంశాలను చదివి వినిపించాలి.